ఓర్వకల్లు నుంచి విశాఖకు దూరమెంత, ఎంతసేపు ప్రయాణం?

ఈ మాసం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మన ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరం గురించి, ప్రయాణానికి పట్టే సమయం గురించి అడిగినవే. ఒక ప్రశ్నకు చెప్పే జవాబు మరొకదానికి ఆధారంగా ఉంటుంది కనుక వాటిని ఒక వరుసలో పెట్టాను. పాఠకులు మొదటి జవాబును కొంచెం ఓపికగా చదివితే తరువాతివన్నీ సులభంగా అర్థమవుతాయి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది కర్నూలు. మా అమ్మాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. మా విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి విశాఖకు విమానంలో దూరం ఎంత అని ఫోనులో వెతికితే ఒక చోట 580 కిలోమీటర్లనీ, మరో చోట 700 అనీ వచ్చింది. సమయం సంగతి మరీ విడ్డూరంగా ఉంది. ఒక చోట ముప్పావు గంట అని ఉంటే, టికెట్లు అమ్మేవారు చూపించిన సమయం రెండు గంటలకు దగ్గరగా ఉంది. ఇందులో ఏది నిజం?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: అయ్యా, మీకు కనిపించిన సంఖ్యల్లో పూర్తిగా అబద్ధమైనది ఒక్కటీ లేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. 700 అనేది రోడ్డు దూరం. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా పోయినా, నంద్యాల, గిద్దలూరు మీదుగా పోయినా నల్లమల ఘాట్లు ఎక్కి దిగాల్సిందే. ఆ పైన గుంటూరు, విజయవాడ, రాజమహేంద్రవరం దాటుకుని విశాఖ చేరేసరికి సుమారు 700 కిలోమీటర్లవుతుంది. 580 అనేది భూమి ఉపరితలం మీద రెండు విమానాశ్రయాలను కలుపుతూ గీసిన అతి దగ్గరి గీత పొడవు. ఆ లెక్క ఎలా వస్తుందో మీరే కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఇందులో పదో తరగతి లెక్కలకు మించినది ఏమీ లేదు.

ఓర్వకల్లు విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 15.72 డిగ్రీల దగ్గర, తూర్పు రేఖాంశం 78.17 డిగ్రీల దగ్గర ఉంది. విశాఖ విమానాశ్రయం, అంటే నగరంలో నౌకాదళం వారి ఐ.ఎన్.ఎస్. డేగ స్థావరంలో ఉన్నది, 17.72 డిగ్రీల అక్షాంశం, 83.22 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉంది. కాబట్టి ఉత్తరానికి 2 డిగ్రీలు, తూర్పుకు 5.05 డిగ్రీలు జరగాలి. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు కనుక ఉత్తరానికి 222 కిలోమీటర్లయింది. రేఖాంశాలు భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు పోయే కొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి కాబట్టి ఈ రెండు చోట్లకూ మధ్యన, అంటే 16.7 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఒక డిగ్రీ రేఖాంశం 106.6 కిలోమీటర్లే ఉంటుంది. ఆ లెక్కన తూర్పుకు 538 కిలోమీటర్లు. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు అనుకుంటే, కర్ణం 582 కిలోమీటర్లు వస్తుంది. భూమి గుండ్రంగా ఉంది కదా, బల్లపరుపు త్రిభుజం లెక్క చెల్లుతుందా అని మీకు సందేహం రావచ్చు. ఇంత తక్కువ దూరానికి ఆ తేడా పట్టించుకోదగినంత ఉండదు. హైదరాబాదు నుంచి అమెరికాకు లెక్క వేసేటప్పుడు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

పైలట్లు కిలోమీటర్లలో మాట్లాడరు. వారు వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అది అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం పొడవు. వారి కొలతలో ఓర్వకల్లు నుంచి విశాఖకు దూరం సుమారు 314 నాటికల్ మైళ్లు. కొన్ని చోట్ల మీకు 314 అనీ, 360 అనీ సంఖ్యలు కనిపిస్తే కంగారు పడకండి. మొదటిది నాటికల్ మైళ్లలో, రెండోది మామూలు మైళ్లలో చెప్పిన అదే దూరం.

కర్నూలువారికి ఈ అక్షాంశ రేఖాంశాల లెక్కతో పాత చుట్టరికం ఉంది. 1802లో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వేలో విలియం లాంబ్టన్ 78వ రేఖాంశానికి దగ్గరగా దక్షిణం నుంచి ఉత్తరానికి కొలుచుకుంటూ వెళ్లారు. మీ ఓర్వకల్లు రన్‌వే ఆ రేఖకు ఇరవై కిలోమీటర్ల లోపే ఉంది. అప్పట్లో కొండల మీద జెండాలు పాతి, గొలుసులతో నేల కొలిచి రాబట్టిన సంఖ్యల వారసత్వమే ఇవాళ మీ ఫోనులో క్షణంలో కనిపించే దూరం.

ఇక సమయం సంగతి. ముప్పావు గంట అని చూపించినవారు చేసిన పని ఏమిటంటే, 582 కిలోమీటర్లను గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించారు. అది జెట్ విమానం ఆకాశంలో నిలకడగా ఎగిరేటప్పటి వేగం. అయితే ఓర్వకల్లు వంటి విమానాశ్రయాలకు ఎక్కువగా నడిచేవి రెక్కల మీద పంఖాలున్న ఏటీఆర్ 72 రకం విమానాలు. 70 నుంచి 78 మంది పట్టే ఈ విమానం నిలకడ వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఓర్వకల్లులో రన్‌వే పొడవు 2000 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. అది ఈ రకం విమానాలకు చక్కగా సరిపోతుంది. పైగా వంద, నూటయాభై మంది ప్రయాణికులు రోజూ దొరకని మార్గంలో, తక్కువ దూరాలకు, ఇంధనం పొదుపుగా వాడే ఏటీఆరే సంస్థలకు గిట్టుబాటు అవుతుంది.

582ను 500తో భాగిస్తే గంటా పది నిమిషాలు. దానికి ఇంకా కొన్ని కలపాలి. విమానం నేల మీద నుంచి లేచి నిలకడ వేగం అందుకునేదాకా, మళ్లీ దిగడానికి వేగం తగ్గించుకునేటప్పుడు, గంటకు 500 కిలోమీటర్లు ఉండదు. విమానాలు మనం పటం మీద గీసిన గీత వెంట పోవు. వాటికి ఆకాశంలో నిర్ణయించిన దారులు, మలుపు స్థానాలు ఉంటాయి. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూసుకుని దానికి ఎదురుగా దిగాలి కాబట్టి, రన్‌వేకు అవతలి వైపు నుంచి రావలసి వస్తే చుట్టు తిరిగి రావాలి. విశాఖలోనైతే నౌకాదళ విమానాలతో ఆకాశాన్ని, రన్‌వేను పంచుకోవాలి. వీటన్నిటికీ కలిపి పది, పదిహేను నిమిషాలు వేసుకోండి. విమానం నేల మీద రన్‌వే దాకా మెల్లగా వెళ్లడానికి, దిగిన తరువాత ఆగే చోటికి రావడానికి మరో పది నిమిషాలు. దీనికి తోడు ప్రతి సంస్థా తన టైమ్‌టేబుల్లో ముందు జాగ్రత్తగా కొన్ని నిమిషాలు ఎక్కువే రాసుకుంటుంది. ఎందుకంటే మన దేశంలో ఒక విమానం సమయానికి నడిచిందా లేదా అన్నది, చెప్పిన వేళకు పదిహేను నిమిషాల లోపు వచ్చిందా లేదా అన్న లెక్కతో చూస్తారు.

టికెట్టు మీద ఉండే సమయాన్ని ఆ రంగంలోవారు బ్లాక్ టైం అంటారు. చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, గమ్యంలో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా లెక్క. గాల్లో ఉన్న సమయం అందులో ఒక భాగం మాత్రమే. ఒకసారి విశాఖ నుంచి ఓర్వకల్లుకు వెళ్తూ నేను గడియారం చూసుకుని బోర్డింగ్ పాసు వెనక రాసుకున్నాను. విమానం కదిలాక రన్‌వే చివరకు చేరి లేచేసరికి తొమ్మిది నిమిషాలు. లేచిన దగ్గర నుంచి ఓర్వకల్లులో చక్రాలు నేలను తాకేదాకా గంటా ఇరవై రెండు నిమిషాలు. దిగాక ఆగడానికి మాత్రం మూడు నిమిషాలే పట్టింది, ఎందుకంటే ఆ సమయంలో అక్కడ మరో విమానం లేదు. మొత్తం గంటా ముప్పై నాలుగు నిమిషాలు. టికెట్టు మీద రాసిన వేళ కంటే ముందే దిగాం. అందుకే మీకు నేనిచ్చే లెక్క ఇది: గాల్లో సుమారు గంటా ఇరవై నిమిషాలు, తలుపు మూసిన దగ్గర నుంచి తలుపు తీసేదాకా గంటా ముప్పై అయిదు నుంచి రెండు గంటల లోపు.

మరొక్క మాట. ఈసారి వెళ్తే పగటి విమానంలో కిటికీ సీటు తీసుకోండి. ఏటీఆర్‌కు రెక్క కిటికీల పైన ఉంటుంది కనుక నేల అడ్డం లేకుండా కనిపిస్తుంది. ఓర్వకల్లు నుంచి విశాఖకు సరళరేఖ గీస్తే అది నల్లమల మీదుగా, శ్రీశైలం ఆనకట్టకు పది కిలోమీటర్ల లోపు దక్షిణంగా పోతుంది. పల్నాడు దాటి అమరావతి క్షేత్రం పరిసరాల్లో కృష్ణను, రాజమహేంద్రవరానికి కొంచెం ఎగువన గోదావరిని దాటుతుంది. విమానం సరిగ్గా ఆ గీత మీదే పోకపోవచ్చు. అయినా మబ్బు లేని రోజున రాష్ట్రంలోని రెండు పెద్ద నదులనూ గంట వ్యవధిలో చూడగలగడం ఈ మార్గంలో ప్రయాణించేవారికి దక్కే అదృష్టం.

ప్రశ్న: పోయిన జులైలో ఓర్వకల్లు నుంచి విశాఖకు వచ్చినప్పటి కంటే, తిరిగి వెళ్లినప్పుడు పది నిమిషాలు ఎక్కువ పట్టింది. దూరం అదే, విమానం అదే రకం. కారణం ఏమిటి?
— ఒక ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, కారణం గాలి. నైరుతి రుతుపవనాల కాలంలో మన దక్కను మీద నేల నుంచి సుమారు ఆరు కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. ఏటీఆర్ విమానాలు 25 వేల అడుగులకు మించి ఎగరవు. ఇటువంటి చిన్న దూరాల్లో అంతకంటే తక్కువ ఎత్తులోనే పోతాయి కాబట్టి ఆ గాలి ప్రవాహంలోనే ఉంటాయి. గాలి వేగం గంటకు 40 కిలోమీటర్లు ఉందనుకుందాం. విశాఖ వైపు వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది కాబట్టి నేల మీద లెక్కకు విమానం వేగం 540 అవుతుంది, 582 కిలోమీటర్లకు 65 నిమిషాలు పడుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వేగం 460, సమయం 76 నిమిషాలు. మీరు గమనించిన పది నిమిషాలకు ఇది దగ్గరగానే ఉంది.

ఇందులో ఒక విశేషం ఉంది. అదే వర్షాకాలంలో మరీ ఎత్తుకు పోతే గాలి దిక్కు తిరగబడుతుంది. పైన తూర్పు నుంచి పడమటికి బలమైన గాలులు వీస్తాయి. దక్షిణ భారతం మీద పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున ఉండే ఆ తూర్పు గాలి ప్రవాహాన్ని ప్రపంచ శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చినవారు పంచేటి కోటేశ్వరం గారు. ఆ తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన ఆయన, ఈ విషయం మీద 1958లో ప్రచురించిన పరిశోధనను వాతావరణ శాస్త్రం చదివే విద్యార్థులు ఇవాళ్టికీ చదువుతారు. ఆ ప్రవాహం కింది అంచుకు దగ్గరగా పోయే జెట్ విమానాలకు జులైలో మీ అనుభవానికి తలకిందులైన అనుభవం కలగవచ్చు. హైదరాబాదు నుంచి విశాఖకు వచ్చేటప్పుడు ఎదురుగాలి, పోయేటప్పుడు తోడుగాలి తగలవచ్చు. ఒకే రోజు, ఒకే ఆకాశం, రెండు అంతస్తుల్లో రెండు గాలులు. పిల్లలకు భూగోళం చెప్పేటప్పుడు మీ ప్రయాణాన్నే ఉదాహరణగా చూపించవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. మేం విజయవాడ పటమటలో ఉంటాం. అన్నయ్య ఇల్లు హైదరాబాదు కూకట్‌పల్లిలో. గన్నవరం నుంచి శంషాబాద్‌కు విమానం గంటే కదా, అందులో తీసుకువెళ్దామని నేను, కారులో హాయిగా పోవచ్చని మా ఆవిడ. ఏది మేలు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: విమానం గంటే అన్న మాట నిజమే. గన్నవరం నుంచి శంషాబాద్‌కు సరళరేఖలో దూరం సుమారు 264 కిలోమీటర్లు. ఏటీఆర్ లెక్కన గాల్లో ముప్పావు గంట లోపు, తలుపు నుంచి తలుపుకు గంట. అయితే మీ నాన్నగారి ప్రయాణం గన్నవరంలో మొదలై శంషాబాద్‌లో ముగిసేది కాదు. పటమటలో గుమ్మం దాటడంతో మొదలై కూకట్‌పల్లిలో కుర్చీలో కూర్చోవడంతో ముగుస్తుంది. పటమట నుంచి గన్నవరానికి ట్రాఫిక్‌తో కలిపి నలభై నిమిషాలు. పెద్దవారితో వెళ్తున్నారు కాబట్టి గంటన్నర ముందు చేరాలి. విమానంలో గంట. దిగి, సామాను తీసుకుని, బయటకు రావడానికి అరగంట. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి ఔటర్ రింగు రోడ్డు మీదుగా పోయినా గంటా పావు. కలిపితే ఐదు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. 65వ నెంబరు జాతీయ రహదారి మీద కారులో మధ్యలో ఒకసారి టిఫిను కోసం ఆగినా సుమారు ఐదున్నర గంటల్లో అన్నయ్యగారి ఇంటి ముందు దిగుతారు. మిగిలేది అరగంట. ఆ అరగంట కోసం ఆయన ఎన్నిసార్లు లేవాలి, ఎన్నిసార్లు నిలబడాలి, ఎన్ని మెట్లు ఎక్కాలి అన్నది ఆలోచించండి.

ముఖ్యంగా ఏటీఆర్ విమానానికి వెనక తలుపుకే మడత మెట్లు ఉంటాయి. ఆ మెట్లు ఇరుకు, కొంచెం నిటారు కూడా. మోకాళ్ల నొప్పులున్నవారు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కుతుంటే వెనక వరుస ఆగిపోవడం నేను చూశాను. విమానమే తప్పనిసరి అయితే టికెట్టు తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని అడగండి. ఏ రకం విమానమో, మెట్లకు బదులు ర్యాంపు పెడతారో లేదో కూడా అడిగి తెలుసుకోండి. నా అభిప్రాయం అడిగారు కనుక నిస్సంకోచంగా చెప్తున్నాను: మూడు వందల కిలోమీటర్ల లోపు దూరానికి, రెండు ఊళ్ల మధ్య మంచి రోడ్డు, రైలు ఉన్నప్పుడు, పెద్దవారికి విమానం అంత లాభం కాదు. ఈ విషయంలో నేను మీ ఇంటావిడ పక్షం.

కర్నూలు తండ్రిగారి లెక్క దీనికి పూర్తిగా వేరు. కర్నూలు నుంచి ఓర్వకల్లుకు ఇరవై కిలోమీటర్లు, అరగంట. గంటన్నర ముందు చేరడం, గంటా యాభై నిమిషాల విమానం, విశాఖ విమానాశ్రయం నగరంలోనే ఉంది కాబట్టి బయటకు వచ్చి ఇల్లు చేరడానికి గంట. మొత్తం ఐదు గంటల లోపు. రోడ్డు మీద అయితే పన్నెండు, పదమూడు గంటలు. ఒక రాత్రి నిద్ర, మరుసటి రోజు ఒంటి నొప్పులు మిగులుతాయి. దూరం రెండింతలు పెరిగినప్పుడు విమానం ఆదా చేసే సమయం రెండింతలతో ఆగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. విమానాశ్రయంలో గడిచే సమయం దూరంతో పాటు పెరగదు కదా.

విశాఖ ప్రయాణాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారినప్పుడు ఇందులో ఒక అంకె మారుతుంది. ఓర్వకల్లు నుంచి ఆకాశంలో దూరం నలభై కిలోమీటర్ల లోపే పెరుగుతుంది, అంటే ఐదు నిమిషాలు. భోగాపురం నగరానికి 45 కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి నేల మీద ప్రయాణం మాత్రం గంటకు పైగా పడుతుంది. టికెట్టు మీద కనిపించేది ఆ ఐదు నిమిషాల తేడా మాత్రమే.

ప్రశ్న: తిరుపతి నుంచి విశాఖకు టికెట్టు వెతికితే, నేరుగా పోయేది కాకుండా హైదరాబాదు మీదుగా పోయేవి ఆరేడు గంటలు చూపిస్తున్నాయి. దూరం అంత పెరుగుతుందా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: దూరం పెరుగుతుంది, కానీ ఆరేడు గంటలకు కారణం అది కాదు. రేణిగుంట నుంచి విశాఖకు నేరుగా 600 కిలోమీటర్లు. హైదరాబాదు మీదుగా అయితే రేణిగుంట నుంచి శంషాబాద్‌కు 416, అక్కడి నుంచి విశాఖకు 512, కలిపి 928 కిలోమీటర్లు. జెట్ విమానంలో ఆ అదనపు దూరానికి పట్టేది అరగంట కూడా కాదు. మిగిలిన సమయమంతా శంషాబాద్‌లో రెండో విమానం కోసం కూర్చోవడానికి. టికెట్టు కొనేటప్పుడు మొత్తం గంటలు కాదు, మధ్యలో ఆగే సమయం ఎంతో చూడండి. గంట కంటే తక్కువ ఉన్నది తీసుకోవద్దు. ఒకసారి నేను అలా యాభై నిమిషాల వ్యవధి ఉన్న టికెట్టు తీసుకుని, మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యం కావడంతో, రెండో విమానం తలుపు మూసేయడం అద్దంలోంచి చూశాను. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టులో ఉన్నాయి కనుక తరువాతి విమానంలో పంపారు. వేర్వేరు టికెట్లు కొనుక్కుని ఉంటే రెండో టికెట్టు డబ్బు నేనే పోగొట్టుకునేవాడిని.

కర్నూలు పరిసరాలవారు కొందరు ఇదే లెక్కతో ఓర్వకల్లు వదిలి, 44వ నెంబరు రహదారి మీద సుమారు 190 కిలోమీటర్లు కారులో శంషాబాద్ చేరి, అక్కడి నుంచి విశాఖకు జెట్ విమానం ఎక్కుతున్నారు. అక్కడి నుంచి రోజుకు ఎక్కువ విమానాలున్నాయి కాబట్టి మీకు కావలసిన వేళ దొరుకుతుంది. ఓర్వకల్లు నుంచి విమానం వారంలో మీకు వీలైన రోజున లేకపోతే అది తెలివైన పనే. ఉంటే మాత్రం మూడు గంటల రోడ్డు ప్రయాణం దండగ.

ప్రశ్న: ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి 2500 రూపాయలే అన్నారు కదా? మరి ఎక్కువ ఎందుకు తీసుకుంటున్నారు? దూరాన్ని బట్టా, సమయాన్ని బట్టా?
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడపడానికి కేంద్ర ప్రభుత్వం 2016 అక్టోబరులో ప్రకటించిన ఆ పథకంలో, సుమారు 500 కిలోమీటర్లు లేదా గంట విమాన ప్రయాణానికి 2500 రూపాయల పరిమితి పెట్టారు. దూరాన్ని బట్టి ఆ పరిమితి పెరుగుతుంది, తగ్గుతుంది. తరువాతి కాలంలో ధరల సూచీతో పాటు సవరిస్తారు. 2017 ఏప్రిల్ 27న తొలి ఉడాన్ విమానాలు మొదలైనప్పుడు సిమ్లా నుంచి ఢిల్లీకి వెళ్లిన విమానంతో పాటు మన కడప, హైదరాబాదు మధ్య విమానం కూడా ఉంది. ఆ రెండు చోట్ల మధ్య దూరం సుమారు 304 కిలోమీటర్లు. అంటే 500 కంటే బాగా తక్కువ దొంతరలోకి వచ్చింది.

అయితే ఆ పరిమితి విమానంలోని అన్ని సీట్లకూ వర్తించదు. మామూలు రెక్కల విమానాల్లో సగం సీట్లకు, అందులోనూ నలభైకి మించకుండా, వర్తిస్తుంది. మిగిలినవి సంస్థ తన ఇష్టం వచ్చిన ధరకు అమ్ముకోవచ్చు. పైగా ఆ తక్కువ ధర వల్ల సంస్థకు వచ్చే లోటును ప్రభుత్వం భర్తీ చేసేది ఒక్కో మార్గానికి మూడేళ్లే. ఆ గడువు తీరాక పరిమితి ఉండదు. ప్రయాణికులు చాలకపోతే విమానమే ఆగిపోతుంది. కర్నూలు విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న ఆ రన్‌వే మీదకు విమానాలు రావడం 28న మొదలైంది. బెంగళూరు, చెన్నై, విశాఖ మార్గాలు ఆ పథకం కిందే వచ్చాయి. 28 మార్చి ఆ ఏడాది నెలలో చివరి ఆదివారం. ప్రపంచమంతటా విమానాల వేసవి టైమ్‌టేబుల్ మొదలయ్యే రోజు అదే. అక్టోబరు చివరి ఆదివారం శీతాకాలపు టైమ్‌టేబుల్ వస్తుంది. ఏ ప్రాంతీయ మార్గమైనా కొత్తగా రావడం, వేళలు మారడం, ఆగిపోవడం ఎక్కువగా ఈ రెండు తేదీల చుట్టూ జరుగుతుంది. కాబట్టి పెళ్లి పనుల కోసమో, పిల్లల చదువు కోసమో నెలల ముందే ప్రయాణం అనుకునేవారు ఈ తేదీలు దాటాక ఆ విమానం ఉందో లేదో మళ్లీ ఒకసారి చూసుకోవాలి. పోయిన ఏడాది ఉన్న విమానం ఈ ఏడాది ఉంటుందని నమ్మి శుభలేఖలో వేళ అచ్చు వేయించవద్దు.

ప్రశ్న: జనవరిలో ఉదయం విమానానికి వెళ్తే రెండు గంటలు ఆలస్యం. ఆకాశం నిర్మలంగా ఉంది. ఎందుకలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, పైన ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రే నేల వేడి త్వరగా పోయి తెల్లవారుజామున పొగమంచు పడుతుంది. గోదావరి, కృష్ణ పరిసరాల్లో నేలలో, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మధురపూడి, గన్నవరం రన్‌వేల మీద డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఇది తరచు జరుగుతుంది. మీరు ఊరి నుంచి బయలుదేరేసరికి మంచు విడిపోయి ఉండవచ్చు. మిమ్మల్ని తీసుకువెళ్లవలసిన విమానం మాత్రం దానికి ముందే వచ్చి, రన్‌వే కనిపించక, గాల్లో చక్కర్లు కొట్టి హైదరాబాదుకు తిరిగిపోయి ఉంటుంది. చలికాలంలో ముఖ్యమైన పని ఉంటే ఉదయం పది దాటిన విమానం తీసుకోండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా మధురపూడి నుంచి కడపకు దూరం నేను కూడా లెక్క వేయగలనా?
— ఒక విద్యార్థి, కోరుకొండ

జవాబు: తప్పకుండా వేయగలవు నాన్నా. మధురపూడి 17.11 డిగ్రీల అక్షాంశం, 81.82 డిగ్రీల రేఖాంశం. కడప 14.51, 78.77. ఉత్తర దక్షిణాల తేడా 2.60 డిగ్రీలు, 111తో గుణిస్తే 289 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా 3.05 డిగ్రీలు. ఈ రెండు ఊళ్లకు మధ్య అక్షాంశం 15.8 కాబట్టి అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం 107.1 కిలోమీటర్లు, గుణిస్తే 327. రెండింటినీ వర్గాలు చేసి, కూడి, వర్గమూలం తీస్తే 436 కిలోమీటర్లు రావాలి. ఏటీఆర్ వేగంతో భాగించి, మొదటి జవాబులో చెప్పిన పదిహేను, పది, మొత్తం ఇరవై అయిదు నిమిషాలు కలిపితే గంటా పదిహేడు నిమిషాలు. ఇదే లెక్క మీ బడిలో ఉన్న అట్లాసులో దారం పరిచి, స్కేలుతో కొలిచి సరిచూడు. అట్లాసులోని కొలమానం చిన్నది కనుక పది, పదిహేను కిలోమీటర్ల తేడా వస్తుంది. ఏది ఎక్కువ వచ్చిందో, ఎందుకు వచ్చిందో నాకు ఉత్తరం రాయి.